తడి గుడ్డ కింద మట్టి

ముప్పయ్యేళ్ళపాటు వంతెనలకి లెక్కలు కట్టిన మనిషి హఠాత్తుగా రిటైరై ఇంట్లో కూర్చుంటే ఏం చేస్తాడు? వంటింటి డబ్బాలకి లేబుళ్ళు అంటిస్తాడు. మా ఆయన అదే చేశారు. ఆవాల సీసా మీద "ఆవాలు" అని అంటించారు. గాజు సీసా, లోపల ఆవాలు కళ్ళకి కనపడుతూనే ఉంటాయి. నేను మత్తు డాక్టర్ని, అప్పటికింకా హాస్పిటల్‌కి వెళ్తూనే ఉన్నాను. సాయంత్రం అలిసిపోయి ఇంటికొస్తే, డిష్‌వాషర్‌లో గిన్నెలు ఏ కోణంలో పెట్టాలో ఆయన నాకు పాఠం చెప్పేవారు. వారం రోజులు ఓర్చుకున్నాను. ఆ తర్వాత మా అమ్మాయికి ఫోన్ చేసి, "మీ నాన్నని ఎక్కడైనా చేర్పించవే, లేకపోతే నేనే ఓ సూది పొడిచి పడుకోబెడతాను" అన్నాను.

నవ్వి వదిలేస్తుందనుకున్నాను. అది మా అమ్మాయి కాబట్టి వదల్లేదు. రెండువేల ఆరులో ఆయన పుట్టినరోజుకి చొక్కా తేవడానికి బదులు ఒక క్లాసుకి డబ్బు కట్టి, ఆ కవరు చేతిలో పెట్టింది. షికాగో సిటీలో ఒక మ్యూజియం వాళ్ళు పెద్దవాళ్ళకి పెట్టే క్లాసు అది. నాలుగు వేల ఏళ్ళ కిందట సుమేరియన్లు బంకమట్టి పలకల మీద రాసిన రాత నేర్పుతారట.

"ఇదేమిటే, సంగీతం, యోగా ఏవీ లేవా?" అన్నాను.

"నాన్నకి రూల్స్ ఇష్టం కదమ్మా. అక్కడ వరల్డ్‌లో ఓల్డెస్ట్ రూల్స్ చదువుతారు" అంది మా అమ్మాయి. ఇక్కడే పుట్టింది, పళ్ళ డాక్టరు. దాని తెలుగు నాలుక చివర కొంచెం మెలికపడి వచ్చేది. ఇప్పుడు ఆ మెలిక వినపడితే చాలు, షాపులో ఎవరి పిల్లయినా సరే, వెనక్కి తిరిగి చూస్తాను.

అలా మా ఆయన వారానికోసారి మా ఊరు నేపర్‌విల్ స్టేషన్‌లో రైలెక్కి సిటీకి వెళ్ళిరావడం మొదలైంది. టిఫిన్ బాక్సులో పెరుగన్నం, సంచిలో మట్టి. చైనీస్ హోటల్ వాళ్ళిచ్చే చెక్కపుల్లలు ఉంటాయే, వాటి కొసని చాకుతో చెక్కి, ఆ అంచుతో మెత్తటి మట్టి మీద నొక్కితే మేకు ఆకారంలో గుర్తు పడుతుంది. అలాంటి గుర్తులు కొన్ని కలిస్తే ఒక అక్షరం. క్లాసు చెప్పే పెద్దావిడ ఆ రాతలో ఓనమాలు తెలియని విద్యార్థులందరికీ ఆ రోజుల్లో బడిపిల్లలు రాసినట్టే రాయమని హోంవర్క్ ఇచ్చేది. చట్టాలు కూడా అప్పటి పిల్లలు కాపీ రాసి నేర్చుకున్నవేనట. వాళ్ళ కాపీల వల్లే కొన్ని మనదాకా వచ్చాయట. మా భోజనాల బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, అరవయ్యేళ్ళు దాటిన మనిషి హోంవర్క్ చేసుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. కొంచెం ముద్దు కూడా వచ్చేది. ఆ మాట ఆయనతో అనలేదు, అంటే లేబుల్ రాసి అంటిస్తారు.

ఆదివారాలు అమ్మాయి, అల్లుడు, మనవరాలు భోజనానికి వచ్చేవారు. అల్లుడిది కరీంనగర్. హెచ్‌-వన్ వీసా మీద ఉద్యోగానికి వచ్చి, ఎవరిదో పెళ్ళిలో మా అమ్మాయికి పరిచయమై, మా ఇంటివాడయ్యాడు. నిజం చెప్పాలంటే మా అమ్మాయి కంటే, నా కంటే, మా ఆయన మట్టి పాఠాలు ఓపిగ్గా విన్నది అతనే. మేమిద్దరం ఆవలిస్తుంటే, "గట్లనా మామయ్యా? మరి దొంగతనానికి ఏం రాసిండ్రు?" అని అడిగేవాడు. ఆయన పొంగిపోయేవారు. మామా అల్లుళ్ళు మాట్లాడుకుంటుంటే పప్పు చల్లారిపోయేది.

ఊర్ అనే ఊరిని ఏలిన రాజు రాయించిన చట్టాలట. ఇప్పటివరకు దొరికినవాటిలో అవే పాతవి. తూనికరాళ్ళు సరిచేశాననీ, తండ్రి లేని బిడ్డనీ మొగుడు పోయినదాన్నీ బలవంతుల చేతికి వదల్లేదనీ ఆ రాజు ముందుమాటలో చెప్పుకున్నాడట. చట్టం ప్రతిదీ ఒకే మాటతో మొదలవుతుంది. తుకుంబి. అంటే "ఒకవేళ" అని. ఒకవేళ ఒకడు ఇంకొకడి కన్ను పోగొడితే ఇంత వెండి తూచి ఇవ్వాలి. ఒకవేళ పన్ను ఊడగొడితే ఇంత.

"పన్నుకి ఎంత నాన్నా?" అని అడిగింది అమ్మాయి. ఆయన చెప్పారు. అది పడీపడీ నవ్వింది. "నా రేట్ కంటే చాలా చీప్!"

మనవరాలికి అప్పుడు మాటలు వస్తున్న వయసు. తుకుంబి అన్న మాట దానికి ఎంత నచ్చిందో, తాతని "తుక్కుంబీ తాతా" అని పిలవడం మొదలుపెట్టింది. మేమూ అలాగే అనేవాళ్ళం. పక్కవీధి ఆంటీలు కూడా "తుకుంబి అంకుల్ ఉన్నారా?" అని ఫోన్ చేసేవాళ్ళు.

ఒక ఆదివారం ఆయన, పలకలు చాలావరకు అంచులు విరిగి దొరికాయని చెప్పారు. "పై సగం ఉంటుంది, కింది సగం ఉండదు. నేరం మిగిలింది, శిక్ష విరిగిపోయింది" అన్నారు. మా అమ్మాయి చెంచా నోట్లోనే పెట్టుకుని ఆలోచించి, "అయితే వాళ్ళు ఫ్రీగా వెళ్ళిపోయారా నాన్నా?" అంది. ఆయన నవ్వి, "నీకెప్పుడూ తప్పించుకునే దారే కావాలి" అన్నారు.

మరుసటి సంవత్సరం, చెట్ల ఆకులు రాలిపోయే రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం అది పోయింది.

ఆ రోజు నాకు డ్యూటీ. మా ఆయన ఇంట్లో ఒక్కరే ఉన్నారు. వాళ్ళు ముగ్గురూ సాయంత్రం భోజనానికి మా ఇంటికి కారులో వస్తున్నారు. అల్లుడు డ్రైవ్ చేస్తున్నాడు. పెద్ద రోడ్డు మీద తిన్నగా రావలసినవాడు, ఒక షాపింగ్ ప్లాజా దగ్గర ఎడమకి తిప్పాడు. ఎదురుగా వచ్చే ట్రక్కుని సరిగా అంచనా వేయలేకపోయాడు. అది వచ్చి అమ్మాయి కూర్చున్న వైపు కొట్టింది. వెనక సీట్లో పాపకి గీత కూడా పడలేదు.

వాళ్ళని తీసుకెళ్ళిన ఎమర్జెన్సీ గదికి నేను వెళ్ళేసరికి మానిటర్ కనపడింది. నా వృత్తి అంతా ఆ మానిటర్ చూడడమే. ఎంతమందినో నిద్రపుచ్చి మళ్ళీ లేపాను. ఆ అంకెలు చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. కారిడార్‌లో అల్లుడు గోడకి జారబడి నేల మీద కూర్చున్నాడు, నుదుటికి కట్టు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు. నేనే పక్కన కూలబడ్డాను.

"అత్తమ్మా, మామయ్యకు మట్టి కొనాలన్నది. ఆ క్రాఫ్ట్ షాపుకాడ లెఫ్ట్ తీసుకొమ్మన్నది. నేను సరిగ చూడలే అత్తమ్మా. నేనే చూడలే."

అంత దుఃఖంలోనూ నా బుర్ర ఒక్కటే ఆలోచించింది. ఆ పిచ్చి మట్టి కోసం తన బిడ్డ పోయిందని తెలిస్తే మా ఆయన బతకరు. అల్లుడి చెయ్యి పట్టుకుని, "ఈ మట్టి మాట మీ మామయ్యకి ఎప్పుడూ చెప్పకు నాయనా. ఎప్పటికీ" అన్నాను. తల ఊపాడు. మా ఆయన అప్పుడే కారిడార్ చివర నుంచి నడిచి వస్తున్నారు. మా ఇద్దరినీ చూసి అక్కడే ఆగిపోయారు.

తర్వాత అందరి ఇళ్ళలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. అల్యూమినియం ట్రేలలో పులిహోర వచ్చింది. అంతా కర్మ అన్నవాళ్ళు వచ్చారు, వాళ్ళని కాఫీ ఇవ్వకుండా పంపించాను. పదకొండో రోజు దాటకుండానే, "అల్లుడు చిన్నవాడు కదా, మళ్ళీ చేసుకుంటాడేమో" అని నా చెవిలో గొణిగిన ఒక ఆంటీని చూసి, నా నోటికొచ్చినది అన్నాను. ఆవిడ ఇప్పటికీ గుడిలో నన్ను చూస్తే ప్రసాదం లైను మారిపోతుంది.

కోర్టు పని ట్రాఫిక్ టికెట్‌తో సరిపోయింది. తప్పు తనదేనని అల్లుడు ఒప్పుకున్నాడు. ఫైన్, డ్రైవింగ్ క్లాసు. మా వంతు రావడానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు తీర్పుకి. మా ముందు వంతు వచ్చినవాడు స్టాప్ సైన్ దగ్గర ఆగనివాడు, మా తర్వాతివాడు స్పీడుగా పోయినవాడు. మధ్యలో నా కూతురు. జైలుకి పంపాలని నేను కోరుకోలేదు. అతన్ని నేను కొడుకులాగే చూశాను. అయినా ఆ గదిలో నుంచి బయటకి వస్తుంటే ఒళ్ళంతా మండింది. ఎవరి మీద మండాలో తెలియని మంట అది. మా ఆయన తిన్నగా వెళ్ళి కారులో కూర్చున్నారు.

హాస్పిటల్ రోజు నుంచీ ఆయన అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. కోపంగా చూడడం కూడా లేదు, అసలు చూడడమే లేదు. ఆదివారం వాళ్ళ కారు డ్రైవ్‌వేలోకి వచ్చిన చప్పుడు వినగానే లేచి బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవారు. పాప ఒక్కతే కిందకి వెళ్ళి ఆయనతో ఆడుకుని వచ్చేది. అల్లుడు మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. వేసవిలో గడ్డి కోసేవాడు, చలికాలం మంచు ఎత్తేవాడు, ఫర్నేస్ ఫిల్టర్ మార్చేవాడు. తల దించుకుని వచ్చేవాడు, తల దించుకునే వెళ్ళేవాడు. నేను ఇద్దరి మధ్యా వడ్డించేదాన్ని, అంతకంటే నా చేతుల్లో ఏముంది?

కొన్నాళ్ళకి మా ఆయన మళ్ళీ క్లాసుకి వెళ్ళారు. వెళ్ళినందుకు సంతోషించాను కూడా. ఆ టర్ములో చివరి హోంవర్కు, ఆ పాతకాలపు పద్ధతిలో సొంతంగా ఒక చట్టం రాయమని. క్లాసువాళ్ళు ఏదో సరదాగా రాసి ఉంటారు, పార్కింగ్ గురించీ పక్కింటి కుక్క గురించీ. మా ఆయన పై వరస రాశారు. ఏం రాశారని అడిగితే దాచకుండా చదివి చెప్పారు. "ఒకవేళ ఒక మనిషి వల్ల ఒక బిడ్డ చనిపోతే." అంతే. కింద శిక్ష రాయవలసిన చోటు ఖాళీ.

క్లాసు అయిపోయింది. పలక అలాగే ఉండిపోయింది. మట్టి ఆరితే గట్టిపడుతుంది, ఇక మార్చడానికి వీలుండదు. తడిగా ఉన్నంతకాలం బొటనవేలితో చెరిపి మళ్ళీ రాయొచ్చు. అందుకని ఆయన ఒక పాత పంచె చింపి, ఆ గుడ్డ తడిపి, పలక మీద కప్పి, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన చెక్క మీద పెట్టారు. రోజూ పొద్దున్నే లేచి, కాఫీ కంటే ముందు కిందకి వెళ్ళి ఆ గుడ్డ తడిపేవారు. కొన్నిసార్లు కింది వరసలో ఏదో రాసేవారు. సాయంత్రానికి చెరిపేసేవారు.

"ఏం రాశారు?" అని ఒకసారి అడిగాను.

"ఏది రాసినా చాలడం లేదు" అన్నారు.

అల్లుడి కోసమే వెతుకుతున్నారని నాకు తెలుసు. అలాగే అనుకున్నాను. ఆ క్లాసు పుస్తకాలు నేనూ కొంత తిరగేశాను. నాకు ఆ చట్టాల్లో నచ్చినదల్లా ఒకటే, శిక్షకి ఒక చివర ఉంది. కన్ను పోయింది, ఇంత వెండి, తూచి ఇచ్చాడు, ఇంటికి పోయాడు. మరునాడు ఇద్దరూ అదే బజారులో కూరగాయలు కొనుక్కుంటారు. మా ఇంట్లో అలాంటి తూకమేదీ లేదు. ఒక మనిషి మాట్లాడడు, ఇంకో మనిషి తల ఎత్తడు, ఇది ఏ రోజుకి చెల్లినట్టు?

ఒక ఆదివారం అయితే నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. పాప ఏదో పాత పలక పట్టుకుని పైకి తెచ్చింది. వెనకే తాత. అల్లుడు హాల్లో బల్బు మారుస్తున్నాడు.

"తాతా, ఇది ఏం స్టోరీ?" అంది పాప.

"ఒకడు పడవ అద్దెకి తీసుకున్నాడమ్మా. వెళ్తానన్న దారి వదిలేసి ఇంకో దారిన తీసుకెళ్ళాడు. పడవ మునిగిపోయింది. అయితే వాడు పడవ మళ్ళీ ఇవ్వాలి."

"బోట్ మళ్ళీ వస్తుందా?"

"బోట్ వస్తుంది" అని ఆయన ఆగిపోయారు. నిచ్చెన మీద అల్లుడి చేతులు కూడా ఆగిపోయాయి. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. అతను దిగి వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"అత్తమ్మా, మామయ్యను నన్ను ఒక్కసారి తిట్టమనుండ్రి. కొట్టినా మంచిదే. ఇట్ల సప్పుడు చేయకుంట ఉంటే నాతోని ఐతలేదు." చేతులు తుడుచుకుంటూ, "కంపెనీల ట్రాన్స్‌ఫర్ అడిగిన. బాతెల్ల పోస్టింగ్ ఇస్తమంటున్నరు. నేను కనవడకుంటనన్న మామయ్యకు నిమ్మళమైతది" అన్నాడు.

బాతెల్ అంటే దేశానికి ఆ చివర. పాపని తీసుకుని వెళ్ళిపోతాడన్న మాట. కూతురు పోయింది, ఇప్పుడు దాని కూతురు కూడా. కిందకి వెళ్ళి మా ఆయనతో చెప్పాను, అరిచాను. "ఉన్న ఒక్క పిల్లనీ పోగొట్టుకుంటారా? మాట్లాడండి ఆ అబ్బాయితో! తిట్టండి, క్షమించండి, ఏదో ఒకటి చేసి చావండి!" ఆయన గుడ్డ అంచు సర్దుతూ, "అతని ఎదుట నేనేం మాట్లాడను?" అన్నారు. అంత పగ అనుకున్నాను.

అమ్మాయి పోయాక పండగలు చేసుకోలేదు. సంవత్సరీకాలు అయ్యాక కూడా మనసు రాలేదు. రెండో ఏడు వినాయక చవితికి మాత్రం పాప పట్టుబట్టింది, గుడిలోనో ఎవరి ఇంట్లోనో చూసిందట, తనకీ గణేశా కావాలంది. సరే రమ్మన్నాను. వస్తూ ఇండియన్ స్టోర్‌లో మట్టి విగ్రహం తెమ్మని అల్లుడికి చెప్పాను.

ఆ పొద్దున అతను ఖాళీ చేతులతో వచ్చాడు. విగ్రహాలు అయిపోయాయట. "ఫర్వాలేదులే, పసుపు ముద్దతో చేద్దాం. కింద పీట ఉంటుంది, తీసుకురా" అన్నాను. మా ఆయన పూలు కొనడానికి వెళ్ళారు. నేను కుడుముల పిండి కలుపుతున్నాను. పెరట్లో దొరికిన ఆకులన్నీ పాప చేత కోయించాను, తులసి, గులాబీ, మేపుల్. ఇరవై ఒక్క రకాల పత్రి ఈ దేశంలో ఎక్కడ తెస్తాం, వినాయకుడే సర్దుకుంటాడు. తండ్రీ కూతుళ్ళు కిందకి దిగారు.

ఎంతసేపటికీ పీట రాలేదు. కుడుములు ఆవిరి మీద పెట్టి భోజనాల గదిలోకి వచ్చాను. న్యూస్‌పేపర్ మీద వినాయకుడు కూర్చుని ఉన్నాడు. ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. కళ్ళకి మిరియాలు గుచ్చారు. పాప మోచేతుల దాకా మట్టి. అల్లుడి ముఖంలో నవ్వు. రెండేళ్ళుగా నేను చూడని నవ్వు.

"అత్తమ్మా, చూసిండ్రా? మామయ్య పాప కోసం మట్టి తడిపి పెట్టిండ్రు! నేను పీట తీసేవరకే పాప ముద్ద చేసి పిసుకుతున్నది. తడి గుడ్డ కప్పి మరీ ఉంచిండ్రు. చెప్పకుంటనే..." వినాయకుడి పెద్ద చెవిని వేలితో సర్దాడు. "మామయ్యకు నా మీద కోపం తగ్గిందేమో అత్తమ్మా."

అతని తప్పేముంది? చవితి పొద్దున తడి గుడ్డ కప్పిన మెత్తటి మట్టి కనపడితే ఏ తెలుగువాడైనా ఇంకేమనుకుంటాడు? ఏమని చెప్పను, నీ శిక్ష కోసం దాచిన మట్టి అది, దాన్నే నీ చేతులతో దేవుణ్ణి చేశావని చెప్పనా?

గరాజ్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మా ఆయన పూల కవరుతో లోపలికి వచ్చారు. బల్ల మీదకి చూశారు. మట్టి రంగు ఆయనకి తెలియకుండా ఉంటుందా? కవరు అక్కడే వదిలేసి కిందకి వెళ్ళారు. మళ్ళీ పైకి వచ్చినప్పుడు చేతిలో ఖాళీ గుడ్డ ఉంది.

అల్లుడు గుడ్డని చూశాడు, నా ముఖం చూశాడు. అర్థమైంది. పలక సంగతి నేనే ఒకప్పుడు అతనికి చెప్పాను, కానీ అది ఎప్పుడో ఆరి గట్టిపడి ఉంటుందనుకున్నాడేమో. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు.

"మామయ్యా, నాకు తెల్వది. నిజంగ తెల్వది. పాప కోసం పెట్టిండ్రనుకున్న." చేతులకి మట్టితోనే దణ్ణం పెట్టాడు. "ఇగ మీరే చెప్పుండ్రి, నాకేం శిక్షో. రెండేండ్ల సంది ఎదురు చూస్తున్న."

మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. కూర్చోవడం కాదు, కూలబడ్డారు. గుడ్డని మడతలు పెట్టడం మొదలుపెట్టారు.

"అది నీకు రాసింది కాదు బాబూ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అల్లుడికీ అర్థం కాలేదనుకుంటాను.

"మట్టి అయిపోయింది, వచ్చేటప్పుడు తీసుకురమ్మని ఫోన్ చేసింది నేనే. 'షాపు దాటిపోతున్నాం నాన్నా, రేపు తెస్తాలే' అంది. 'రేపు తెస్తే హోంవర్క్ ఎప్పుడు చేయను, తిప్పమను' అన్నాను. తిప్పమన్నది నేను." ఆయన ఇంకా గుడ్డనే చూస్తున్నారు. "నువ్వు పక్కనే ఉన్నావు, వినే ఉంటావు. ఎప్పుడో ఒకప్పుడు నా ముఖం మీద ఆ మాట అంటావు. అనాలి కూడా. అది వినే ధైర్యం లేక నీ కారు చప్పుడైతే కిందకి పారిపోయేవాణ్ణి."

"వినబడ్డది మామయ్యా" అన్నాడు అల్లుడు. "కానీ చూడకుంట తిప్పింది నేను కదా."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అంటే మీరేమైపోతరో అని."

నేను చెప్పొద్దన్నాననే మాట అతను ఎత్తలేదు. నేనే చెప్పాను. మా ఆయన నా వైపు చూశారు. రెండేళ్ళు ఆయన దగ్గర దాచానని నేననుకున్నది ఆయనకి మా అందరికంటే ముందు తెలుసు. అతను తల దించుకుంటే తన మీద కోపమనుకున్నారు ఈయన. ఈయన కిందకి దిగిపోతే తన మీద అసహ్యమనుకున్నాడు అతను. మధ్యలో నేను, పెద్ద తెలివిగలదాన్ని, ఇద్దరికీ కాపలా కాశాను. ఒకే ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో కూర్చుని ఒకే ఏడుపు ఏడ్చాం.

ఆవిరి గిన్నె మూత కొట్టుకుంటోంది. పాప మా ముఖాలు చూసి చూసి, ఇక ఓపిక పట్టలేక, "తాతా, ట్రంక్ పడిపోతుంది" అంది.

నిజమే, తొండం జారుతోంది. మా ఆయన లేచి, గుడ్డ నుంచి రెండు చుక్కలు పిండి, వేలితో తొండం మొదట్లో తడి చేశారు. సొరుగులోంచి చెక్కపుల్ల తీసి అల్లుడి చేతికిచ్చారు. "నువ్వు పట్టుకో బాబూ, నేను నొక్కుతాను" అన్నారు. తొండం నిలబడింది. పూజ చేశాం. కథ అల్లుడే చదివాడు. సాయంత్రం పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, పాప చేత నిమజ్జనం చేయించాం. ఒక చెవి ముందు కరిగింది, తర్వాత పొట్ట, చివరికి రెండు మిరియాలు తేలాయి. ఆ నీళ్ళు గులాబీ మొక్కకి పోశాం.

వాళ్ళు బాతెల్ వెళ్ళకుండా ఆగిపోతారేమోనని ఆశపడ్డాను. అల్లుడు అప్పటికే అక్కడి ఉద్యోగానికి సంతకం పెట్టేశాడు, ఇక్కడి అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నామని చెప్పేశాడు. ఇంకో నెలకి వాళ్ళిద్దరూ బాతెల్ వెళ్ళిపోయారు. మా ఆయన ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి అతన్ని కావలించుకున్నారు. తర్వాత ప్రతి ఆదివారం ఫోన్‌లో మామా అల్లుళ్ళు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఇదే మాట్లాడుకోవడం రెండేళ్ళ ముందు జరిగి ఉంటే పాప నా ఒళ్ళో పెరిగేది. ఇలాంటి ఒకవేళలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిటికీ పై వరసే ఉంది.

కానీ నేను చెప్పదలుచుకున్నది పండగ మర్నాటి సంగతి. పొద్దున నేను కాఫీ కలుపుతుంటే కింద కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆగి ఆగి, ఎంతకీ పైకి రాకపోతే నేనే దిగి వెళ్ళాను. మా ఆయన వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో తడి గుడ్డ, నీళ్ళు కారి పాదాల మీద పడుతున్నాయి. ఎదురుగా ఖాళీ చెక్క.

"అలవాటు" అన్నారు.

గుడ్డ తీసుకుని పిండి, తీగ మీద ఆరేశాను. ఇటు తిరిగేసరికి ఆయన ఏడుస్తున్నారు. అమ్మాయి పోయిన రోజు కూడా నేను వినని ఏడుపు అది, పెద్దగా, చిన్నపిల్లాడిలా. మెట్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఊపిరి తిప్పుకుని అన్నారు.

"ఫోన్ పెట్టేసే ముందు, ఎన్ని ప్యాకెట్లు తేను నాన్నా అని అడిగింది. ఒక్కటి చాలమ్మా అన్నాను."